గోరువెచ్చ అన్న మాట చాలదు

పెళ్లయి హైదరాబాదు వచ్చిన మొదటి చలికాలంలో నాకొక పేరు పడింది. "ఈ అమ్మాయి చేతికి పెరుగు తోడుకోదు" అన్నారు మా అత్తయ్యగారు. కోపంతో అన్న మాట కాదది, జాలిగా అన్నది. అందుకే ఇంకా ఎక్కువ బాధపడ్డాను. రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు పెరుగు వేసి కలిపి, మూతపెట్టి పడుకునేదాన్ని. పొద్దున మూత తీస్తే పాలు పాలలాగే ఉండేవి. లేదంటే అడుగున కాస్త చిక్కబడి, పైన పల్చగా ఉండి, గరిటె పైకెత్తితే తీగలు సాగేవి. ఇంట్లో ఆరుగురం. చివర్లో పెరుగన్నం తినకపోతే మా ఇంట్లో ఎవరికీ భోజనం చేసినట్టే ఉండదు. ఆ చలికాలమంతా గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొట్టాల్సి వచ్చింది.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ చేస్తుంటే చూసి నేర్చుకున్నది. అక్కడ అది ఎప్పుడూ తప్పలేదు. అక్కడ తప్పనిది ఇక్కడ ఎందుకు తప్పుతోంది? నా చేతులు బస్సెక్కి వచ్చేసరికి మారిపోలేదు కదా. ఈ ప్రశ్నకు "చెయ్యి" అన్న జవాబును నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. తోడు వేసే ఆ ఒక్క నిమిషంలో మనం ఏం చేశామన్నది పెద్ద విషయం కాదు. వేసిన తర్వాత ఐదారు గంటలపాటు ఆ గిన్నె ఎంత వెచ్చగా ఉంది, అంతకుముందు ఆ పాలు ఎంతసేపు కాగాయి, ఈ రెండే పెరుగును నిర్ణయిస్తాయి. మనం మాత్రం ఎంతసేపూ తోడు మంచిదా కాదా, చెయ్యి మంచిదా కాదా అని మాట్లాడుకుంటాం.

ముందు గోరువెచ్చ సంగతి చెబుతాను. ఆ కొలత తప్పని నేననను. పాలలో వేలు ముంచి, పది లెక్కపెట్టేదాకా చుర్రుమనకుండా ఉంచగలిగితే ఆ పాలు 40 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉన్నట్టు. 43 దాటితే మన చర్మానికి వేడి నొప్పిగా తెలియడం మొదలవుతుంది. అందుకని వేలు నిజంగానే మంచి థర్మామీటరు. అయితే వేలు ఆ క్షణం సంగతి మాత్రమే చెబుతుంది. మా అమ్మ వంటింట్లో ఆ తర్వాత సంగతిని ఊరే చూసుకునేది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు రాత్రిపూట కూడా వంటిల్లు 27, 28 డిగ్రీలకు తగ్గదు. గోరువెచ్చని పాలు అక్కడ ఎంత చల్లారినా గది వేడి దగ్గర ఆగిపోతాయి, ఆ వేడికి పెరుగు తోడుకుంటుంది. హైదరాబాదులో డిసెంబరు రాత్రి, సిమెంటు గట్టు మీద, కిటికీ పక్కన అలా ఆగదు.

ఒక చిన్న డిజిటల్ థర్మామీటరు కొన్నాను. డిసెంబరులో మా వంటిల్లు రాత్రి పదికి 19 డిగ్రీలు. అరలీటరు పాలు స్టీలు గిన్నెలో 42 దగ్గర తోడు వేసి గట్టు మీద పెట్టాను. రెండు గంటల తర్వాత చూస్తే 27. తెల్లవారుజామున గది ఎంతో పాలూ అంతే. అదే రాత్రి ఇంకో గిన్నెను పాత తువ్వాలు చుట్టి హాట్ ప్యాక్‌లో పెట్టాను. నాలుగు గంటల తర్వాత కూడా అందులో 35 ఉంది. పాలు అవే, తోడు అదే, వేసిన చెయ్యీ నాదే. పొద్దున గట్టు మీది గిన్నెలో పాలు, హాట్ ప్యాక్‌లో గడ్డ పెరుగు.

ఆ నెలలోనే అత్తయ్యగారు నరసరావుపేట నుంచి వచ్చి రెండు వారాలు ఉన్నారు. మొదటి మూడు రోజులు తోడు ఆవిడే వేశారు, గట్టు మీదే పెట్టారు. మూడు రోజులూ తోడుకోలేదు. నాలుగో రాత్రి నేను గిన్నెను బియ్యం డబ్బాలోకి దించి చుట్టూ బియ్యం కప్పితే పక్కన నిలబడి చూశారు. "మా అమ్మ కూడా చలికాలం ఇట్లాగే పెట్టేదమ్మా, నేనే మర్చిపోయాను" అన్నారు. ఆ మాట నాకు చాలా విలువైనది. ఉపాయం మన ఇళ్ళలో ఉంది. వేడి ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు అవసరం లేకపోయేసరికి జారిపోయింది, జారిపోయిన చోట "చేతి గుణం" వచ్చి కూర్చుంది. కొత్త కోడళ్ళ మీద ఈ మాట ఎంత బరువుగా పడుతుందో పడినవాళ్ళకే తెలుసు. దయచేసి ఎవరినీ ఆ మాట అనకండి.

ఇక గిన్నె లోపల జరిగేది. తోడులో కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటాయి. అవి పాలలోని చక్కెరను, అంటే లాక్టోజును తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్, ఆమ్లం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. మామూలు పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. అది 4.6 వైపు దిగుతున్నకొద్దీ పాలలోని ముఖ్యమైన ప్రోటీను కేసీన్ మారడం మొదలవుతుంది. కేసీన్ పాలలో కంటికి కనబడనంత చిన్న ఉండలుగా తేలుతుంటుంది. ఆ ఉండలన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండడంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఆమ్లం పెరిగితే ఆ తోపులాట తగ్గుతుంది, ఉండలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు గొలుసులుగా, వలగా అల్లుకుంటాయి. ఆ వల కళ్ళల్లో నీళ్ళూ వెన్నా చిక్కుకుని నిలబడితే అదే పెరుగు.

మరుగుతున్న పాలలో నిమ్మరసం పిండినా ఆమ్లమే కదా, మరి అక్కడ పెరుగు రాదేం? పాలు విరిగి పన్నీరు ముద్ద, పసుపు నీళ్ళు వేరవుతాయి. ఆమ్లం ఒక్కసారిగా, వేడిలో పడితే కేసీన్ గుంపుగా ముద్ద కట్టేస్తుంది. మెల్లగా, గంటల మీద, కదలకుండా పెరిగితే వలగా అల్లుకుంటుంది. తోడు వేసిన గిన్నెను కదపొద్దని పెద్దవాళ్ళు అనేది ఇందుకే. సగం అల్లిన వలను కుదిపితే తెగిపోతుంది, తెగినచోట నీళ్ళు ఊరుతాయి. నడిరాత్రి లేచి తోడుకుందా లేదా అని గిన్నె వంచి చూడడం నాకూ అలవాటుగా ఉండేది. ఆ టెన్షన్ అర్థమవుతుంది గానీ, చూడకండి.

ఆ బాక్టీరియా అన్నీ ఒక జాతివి కావు. మనం అరుదుగా మాట్లాడుకునే విషయం ఇదేనని నా అభిప్రాయం. యోగర్ట్ అని ప్రపంచమంతా అమ్మేదాంట్లో ప్రధానంగా రెండు ఉంటాయి: స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గేరికస్. రెండో దాన్ని 1905లో జెనీవాలో పనిచేస్తున్న స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు తన దేశపు పెరుగులో గుర్తించాడు, దాని పేరులో బల్గేరియా అందుకే ఉంది. ఈ రెండింటికీ 42 డిగ్రీల చుట్టుపక్కల వేడి బాగా ఇష్టం. మన ఇంటి తోడు అంత శుభ్రంగా ఏరిన జంట కాదు, అది ఒక గుంపు. ఇవి రెండూ అందులో తరచుగా ఉంటాయి, వాటితోపాటు లాక్టోకాకస్ లాంటివీ ఉంటాయి. వాటికి 30 డిగ్రీల చుట్టూ హాయిగా ఉంటుంది, 40 దాటితే ఇబ్బంది. తాజా ఇంటి పెరుగుకుండే కమ్మదనంలో, ఆ వెన్నలాంటి వాసనలో పెద్ద వాటా ఈ లాక్టోకాకస్ లాంటి వాటిదే.

2023 మార్చిలో పెరుగు ప్యాకెట్ల మీద "దహీ" అని రాయాలన్న ఆదేశం మీద దక్షిణాది రాష్ట్రాల్లో గొడవైంది. తమిళనాడులో, కర్ణాటకలో బాగా వినబడింది. ఆహార భద్రతా సంస్థ అదే నెలాఖరుకు ఆదేశం మార్చి పెరుగు, తయిర్, మొసరు అన్న పేర్లకూ చోటిచ్చింది. పేరు కోసం అంత పట్టుబట్టిన మనం గిన్నెలో మాత్రం పెరుగును యోగర్ట్‌గా మార్చేసుకుంటున్నాం. యోగర్ట్ మెషీన్లు చాలావరకు 42 డిగ్రీల చుట్టూ పనిచేసేలా చేసినవి. వాటిలో మన తోడుతో రోజూ పెరుగు చేస్తుంటే వారాలు గడిచేకొద్దీ వేడికి తట్టుకునేవే మిగులుతాయి. పెరుగు గట్టిగా, అందంగా ఉంటుంది, కమ్మదనం తగ్గి పులుపు పైకొస్తుంది. నేను 36, 37 దగ్గర ఉంచుతాను. కొంచెం ఎక్కువసేపు పడుతుంది, పట్టనివ్వండి.

నా మొదటి చలికాలంలో తీగలు సాగిన పెరుగుకూ ఇక్కడే జవాబుంది. కొన్ని రకాల బాక్టీరియా చక్కెరలతో జిగురు తయారుచేస్తాయి. చల్లటి గదిలో మెల్లగా తోడుకునేటప్పుడు వాటికి బోలెడంత సమయం దొరుకుతుంది. ఆ పెరుగునే మళ్ళీ తోడుగా వాడితే అవే పెరుగుతాయి. గిన్నె వెచ్చగా ఉంచి, వేరే ఇంటి నుంచి మంచి తోడు తెచ్చుకుంటే రెండు మూడు రోజుల్లో మామూలవుతుంది.

ఇప్పుడు కాచడం గురించి. ఇక్కడ నాకు చాలామందితో పేచీ ఉంది.

"ప్యాకెట్ పాలు ముందే కాచినవే కదా, వేడిచేసి తోడేస్తే చాలు" అంటారు. ఆ పాలను డెయిరీలో సాధారణంగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరుస్తారు. రోగకారక క్రిములు చావడానికి అది సరిపోతుంది. పెరుగుకు అది చాలదు. పాల ప్రోటీన్లలో ఐదింట నాలుగు వంతులు కేసీన్ అయితే, మిగతా వంతు తేట ప్రోటీన్లు, అంటే పాలు విరిగినప్పుడు నీళ్ళతో వెళ్ళిపోయేవి. పాలను 85 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే, లేదా 90 దాటించి ఐదు పది నిమిషాలు కాస్తే ఈ తేట ప్రోటీన్లు ముడులు విప్పుకుని కేసీన్ ఉండలకు అతుక్కుంటాయి. తర్వాత ఆమ్లం పెరిగినప్పుడు అల్లుకునే వల దట్టంగా అల్లుకుంటుంది, నీటిని వదలదు. ఒక్క పొంగు రాగానే స్టవ్ కట్టేస్తే ఈ పని సగంలో ఆగిపోతుంది. పెరుగు తోడుకుంటుంది, కానీ మొదటి గరిటె తీసిన గుంటలో గంటలో నీళ్ళు నిలుస్తాయి. అలా నీళ్ళు నిలిస్తే పాలలో నీళ్ళు కలిపారని పాలవాణ్ణి తిడతాం. చాలాసార్లు తప్పు మన స్టవ్ దగ్గరే ఉంటుంది.

నేను ఒక పొంగు రానిచ్చి, సెగ బాగా తగ్గించి, పదిహేను ఇరవై నిమిషాలు మధ్యమధ్య కలుపుతూ ఉంచుతాను. కొంత నీరు ఇగురుతుంది, అదీ మంచిదే. మా అమ్మమ్మ ఇంటి వెనక దాలిగుంట ఉండేది. పొద్దున పాలు తీయగానే మట్టికుండలో పోసి, పిడకల సెగ మీద పెట్టి, మూత వేసి వదిలేసేది. మంట ఉండదు, పొగా సెగా మాత్రమే. పాలు పొంగేవి కావు. సాయంత్రానికి లేత ఎరుపు రంగుకు తిరిగి, మీద వేలు మందాన మీగడ కట్టేది. ఆ పాలకు తోడు వేస్తే పొద్దున కత్తితో కోసినట్టు ముక్క వచ్చేది. అమ్మమ్మకు ప్రోటీన్ల సంగతి తెలియాల్సిన పనిలేకపోయింది, రోజంతా సన్నగా కాగడంలోనే అదంతా జరిగిపోయేది. గ్యాసు స్టవ్ వచ్చి ఐదు నిమిషాల్లో పొంగు తెప్పించింది. పాలు కాచడం అయిందని మనం అనుకోవడం మొదలైంది.

పాల రకం కూడా లెక్కలోకి వస్తుంది. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, వెన్న కాని ఘనపదార్థం 8.5 శాతం. ఫుల్ క్రీమ్ పాలలో 6, 9. గేదె పాలలో వెన్నా ప్రోటీనూ రెండూ ఆవు పాలకంటే ఎక్కువ, అందుకే గేదె పెరుగు గట్టిగా ఉంటుంది. టోన్డ్ పాలతో గడ్డ పెరుగు కావాలంటే లీటరుకు రెండు చెంచాల పాలపొడి కాచేటప్పుడే కలపండి. పెరుగు గట్టిదనానికి వెన్నకంటే ప్రోటీను ముఖ్యం. గిన్నె అడుగంటకుండా ముందు నీళ్ళు పోసి ఆ పైన పాలు పోస్తారు కదా, ఆ నీళ్ళు అరచెంచా చాలు.

తోడు ఎంత వేయాలి? అరలీటరుకు చిన్న చెంచాడు, చలికాలంలో రెండు. తోడుకోవడం లేదని గరిటెడు వేసేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళకు వచ్చేది ముక్కులు అదిరే పులుపు, గరుకుగా ఇసుకలాంటి పెరుగు. తోడు నిన్నటిదై ఉండాలి. నాలుగు రోజులుగా ఫ్రిజ్‌లో పులుస్తున్నదాన్ని తోడుగా వేస్తే ఆ పులుపుకు తట్టుకుని మిగిలినవే రేపటి పెరుగులో పెరుగుతాయి. వేసే ముందు ఆ చెంచాడు పెరుగును కొంచెం గోరువెచ్చని పాలలో చిదిపి పల్చగా చేసి, గిన్నెలో పోసి, ఒకటికి రెండుసార్లు తిప్పి వదిలేయాలి. కొంతమంది ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తి పోస్తారు, అదీ బాగా కలవడానికే. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే రెండు పనులు అవుతాయి. పులియడం ఆగుతుంది, వల చల్లబడి ఇంకా బిగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇది నాలుగు గంటల్లోనే చేయాల్సిన పని. ఆ నెలల్లో రాత్రి తోడేసి పొద్దున్నే చూద్దామంటే పుల్లటి మజ్జిగకే పనికొస్తుంది.

అన్నీ సరిగ్గా చేసినా తోడుకోని పాలు ఉంటాయి. ఇది తక్కువగా జరుగుతుంది, జరిగినప్పుడు మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పశువుకు జబ్బు చేసి యాంటీబయాటిక్ ఇచ్చాక కొన్ని రోజులు ఆ పాలు వాడకూడదు. వాడితే ఆ మందు పాలలోకి వచ్చి తోడులోని బాక్టీరియాను చంపుతుంది. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ పెన్సిలిన్‌కు చాలా త్వరగా లొంగిపోతుంది. పాలు పులిసిపోకుండా సోడా కలిపితే బాక్టీరియా చేసే ఆమ్లాన్ని అది మింగేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపినా తోడు చస్తుంది. నేను చేసే పరీక్ష సులువు. ఒకే తోడును రెండు చిన్న గ్లాసుల్లో, ఒకదాంట్లో అనుమానం ఉన్న పాలు, ఇంకోదాంట్లో వేరే చోటి పాలు, రెండూ ఒకే రకంగా కాచి, ఒకే డబ్బాలో పక్కపక్కన పెడతాను. ఒకటి తోడుకుని ఇంకోటి తోడుకోకపోతే అది నా వేడి తప్పు కాదు. విడిగా పోయించుకునే పాలతో మాకు ఒకసారి వరసగా రెండు రోజులు ఇలాగే అయింది. ఆ పాలు మానేశాను. పిల్లలు తాగే పాల విషయంలో రెండో ఆలోచన ఉండకూడదనిపించింది.

"ఇంత అవసరమా, కప్పు పెరుగు కొనుక్కుంటే పోలేదా" అని మా అబ్బాయే అడుగుతాడు. కొనుక్కునేవాళ్ళను నేనేమీ అనను. ఉద్యోగం చేసి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాళ్ళకు అది అవసరం. నా అభ్యంతరం ఒక్కచోటే. ఇంట్లో తోడుకోవడం లేదు కాబట్టి కొనుక్కుంటున్నాం అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో చాలామంది అది తమకు రాని విద్య అనుకుంటున్నారు. ఒక హాట్ ప్యాక్, ఒక పాత తువ్వాలు, ఇరవై నిమిషాల సన్న సెగ ఉంటే వచ్చేదాన్ని రాదనుకుని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మా అక్క కూతురు అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటుంది. జనవరిలో ఫోన్ చేసి, "పిన్నీ, ఇండియా నుంచి తోడు తెచ్చుకోవాలేమో" అంది. ఇండియా తోడే కానక్కర్లేదని చెప్పాను. అక్కడి కొట్లో దొరికే మామూలు యోగర్ట్, లోపల బతికున్న కల్చర్ ఉందని రాసినది, చక్కెర, వాసనలు కలపనిది తీసుకోమన్నాను. అవెన్ వెలిగించకుండా లోపల లైటు మాత్రం వేసి గిన్నె పెట్టమన్నాను. ముందు గిన్నెడు నీళ్ళు పెట్టి రెండు గంటల తర్వాత ఎంత వేడి ఉందో కొలవమన్నాను, ఎందుకంటే ఒక్కో అవెన్ లైటు ఒక్కో రకం. దానికి 38 వచ్చింది. ఇంకేం కావాలి. తోడు అసలే లేని రోజున ఎండుమిరపకాయల తొడిమలు నాలుగైదు గోరువెచ్చని పాలలో వేసి పన్నెండు గంటలు వెచ్చగా ఉంచే పద్ధతి కూడా చెప్పాను. తొడిమల మీదా ఈ జాతి బాక్టీరియా ఉంటాయి. ఆ మొదటి గిన్నె తినడానికి కాదు, తోడుకే. రెండో మూడో గిన్నెకు పెరుగు రుచి వస్తుంది.

ఇన్నేళ్ళలో నేను సాధించలేనిది ఒకటుంది, దాలి మీద కాగిన పాల పెరుగు వాసన. పాలు ఎర్రబడేదాకా స్టవ్ మీద మూడు గంటలు ఉంచి చూశాను. మట్టికుండ కొని చూశాను. రంగు వచ్చింది, గట్టిదనం వచ్చింది, ఆ వాసన రాలేదు. పిడకల పొగ వల్లా, లేక రోజూ వాడే ఆ కుండ గోడల్లో ఇంకి ఉండే పాత తోడు వల్లా అన్నది తేల్చుకోవాలని ఉంది. మా ఊళ్ళో ఇంకా దాలి పెట్టే ఇల్లు ఒకటి మిగిలింది. సంక్రాంతికి వెళుతున్నాను, థర్మామీటరు సంచిలో పెట్టుకున్నాను. గంటకోసారి కుండ దగ్గరికి వెళ్ళి కొలుచుకుంటానంటే ఆ ఇంటి పెద్దావిడ సరేనన్నారు. కుండను మాత్రం కదపనని మాటివ్వమన్నారు.